మెయింటెనెన్స్ బిల్లు 25,937 రూపాయలు: కట్టాలా, ఆపాలా?

బాబూ, మీ ప్రశ్న పెద్దగా ఉంది. మిగతావాళ్లకి కూడా అర్థమయ్యేలా ముందు దాన్ని కాస్త కుదించి చెబుతాను. మియాపూర్ వైపు 220 ఫ్లాట్ల కమ్యూనిటీలో మీ నాన్నగారికి 1,650 చదరపు అడుగుల ఫ్లాటు ఉంది. రిజిస్ట్రేషన్ అప్పుడే బిల్డరు రెండేళ్ల అడ్వాన్స్ మెయింటెనెన్స్‌తో పాటు చదరపు అడుగుకి 50 రూపాయల చొప్పున కార్పస్ (పెద్ద ఖర్చుల కోసం దాచే నిధి) కట్టించుకున్నాడు. తర్వాత అసోసియేషన్ వచ్చింది, చదరపు అడుగుకి మూడున్నర రూపాయలని జనరల్ బాడీలో తీర్మానించారు. ఆ లెక్కన నెలకి 5,775 రావాలి. ఏప్రిల్ బిల్లేమో 25,937 వచ్చింది. కట్టకపోతే నీళ్లు, జనరేటర్ ఆపేస్తామని వాట్సాప్‌లో పెట్టారు. నాన్నగారు పరువు పోతుందని మొత్తం కట్టేస్తానంటున్నారు. పుణెలో ఉన్న మీరు ఒక్క రూపాయి కూడా కట్టొద్దంటున్నారు.

ఇద్దరూ పొరపాటు పడుతున్నారు. ఎందుకో చెబుతాను.

నేను బ్యాంకు ఆడిట్‌లో పనిచేసి రిటైరయ్యాను. మా నిజాంపేట అపార్ట్‌మెంటులో ఆరేళ్లు ట్రెజరర్‌గా చేశాను. అంటే ఇలాంటి బిల్లులు అందుకున్నాను, పంపాను కూడా. ఒక సంగతి దాచకుండా చెప్పాలి. నా మూడో ఏడాదిలో పది మంది బాకీలు పేరుకుపోయి, లిఫ్టు ఏఎంసీ (ఏడాది నిర్వహణ ఒప్పందం) డబ్బు కట్టడానికి లేక, అందరి బిల్లులోనూ ‘ఇతరములు’ అని 300 రూపాయలు వేశాను. ఎవరూ అడగలేదు. రెండో నెల మూడో అంతస్తు పెద్దావిడ ఒకావిడ కిందకి దిగి వచ్చి, బిల్లు నా బల్ల మీద పెట్టి, “ఏవండీ, ఈ ఇతరులు ఎవరండీ?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మర్నాడు ఆ లైను తీసేశాను. నేను దొంగనేం కాదు, లెక్క చెప్పడానికి మొహం చెల్లక అడ్డదారి తొక్కానంతే. మీ కమిటీ కూడా అలాంటిదే అయ్యే అవకాశం ఎక్కువ. అందుకే గొడవ మొదలుపెట్టకముందే లెక్క అడగండి.

ఇక బిల్లు. మీరు పంపిన ఫోటోలో ఉన్నది ఇదీ: మెయింటెనెన్స్ 5,775, డీజిల్ 640, వాటర్ ట్యాంకర్లు 820, కార్పస్ టాప్‌అప్ 1,000, ఇతరములు 415. మొత్తం 8,650. దాని మీద 18 శాతం జీఎస్టీ 1,557. పాత బాకీ 14,300. లేట్ ఫీ 1,430.

అన్నిటికన్నా పెద్ద అంకె పాత బాకీ కాబట్టి దాంతోనే మొదలుపెడదాం. 14,300ని 5,775తో భాగించి చూడండి. రెండు నెలలైతే 11,550, మూడు నెలలైతే 17,325. ఈ 14,300 ఏ నెలల లెక్కకీ ఒదగదు. అంటే ఇది కట్టని నెలవారీ బిల్లు కాదు, మరెక్కడి నుంచో తెచ్చి ఇందులో కలిపిన మొత్తం. నా అనుమానం అడ్వాన్స్ మెయింటెనెన్స్ మీద. ఆ రెండేళ్లు ఎప్పుడు మొదలైనట్టు? బిల్డరు ఓసీ (కట్టడంలో నివాసం ఉండొచ్చని ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చిన రోజు నుంచి లెక్క కడతాడు. మీరు తాళాలు తీసుకున్న రోజు నుంచి కడతారు. అసోసియేషన్ తాను చార్జి తీసుకున్న రోజు నుంచి కడుతుంది. మూడు తేదీలకి మూడు బాకీలు తేలతాయి. మీ సేల్ అగ్రిమెంటు తీసి, మెయింటెనెన్స్ ఏ తేదీ నుంచి అని రాసిందో ఆ పేరా చూడండి. దానితో పాటు రెరా అనే రియల్ ఎస్టేట్ చట్టంలో ఓసీ వచ్చిన రెండు నెలల్లోపు కొన్నవాళ్లు ఫ్లాటు స్వాధీనం చేసుకోవాలని ఉంది, 19(10) సెక్షన్. బిల్డరు రమ్మన్నా మీరే ఆరు నెలలు ఆలస్యం చేసుంటే ఆ నెలలకి మీ వాదన బలహీనం. తాళాలు ఇవ్వకుండా ఆపింది అతనే అయితే 11(4)(జి) ప్రకారం అప్పటిదాకా ఖర్చులు అతనివే.

ఇంకొకటి. అడ్వాన్స్ కాలం పూర్తికాకముందే అసోసియేషన్ చార్జి తీసుకుంటే, ఖర్చుకాని అడ్వాన్సు బిల్డరు నుంచి అసోసియేషన్‌కి బదిలీ కావాలి. చాలాచోట్ల కాదు. అప్పుడు కమిటీ ఏం చేస్తుంది? బిల్డరు వెంటపడటం కష్టం కాబట్టి ఓనర్ల బిల్లులో ‘పాత బాకీ’ అని రాసేస్తుంది. మీది సరిగ్గా ఇదే అయితే మీ పోరు అసోసియేషన్‌తో కాదు. అసోసియేషన్‌తో కలిసి బిల్డరు మీదికి వెళ్లాలి.

లేట్ ఫీ 1,430 అంటే 14,300లో సరిగ్గా పదో వంతు. ఇది వడ్డీ లెక్క కాదు, ఎవరో కాలిక్యులేటర్‌లో పది శాతం కొట్టేశారు. బైలాస్ (అసోసియేషన్ నియమావళి) తీసి లేట్ ఫీ ఎంతని ఉందో చూడండి. ఏడాదికి 18 శాతం అని ఉంటే మూడు నెలల ఆలస్యానికి 643 రూపాయల 50 పైసలు అవుతుంది. అసలు బైలాస్‌లోనూ, జనరల్ బాడీ తీర్మానంలోనూ లేని జరిమానా వేయడానికి కమిటీకి అధికారం ఎక్కడిది?

ఇప్పుడు జీఎస్టీ. ఇక్కడ మనవాళ్లందరికీ సగం సగం తెలుసు కాబట్టి కాస్త నెమ్మదిగా చదవండి. అసోసియేషన్ తన సభ్యుల దగ్గర వసూలు చేసే మెయింటెనెన్స్ నెలకి ఫ్లాటుకి 7,500 దాకా ఉంటే జీఎస్టీ లేదు. 2018 జనవరి చివరి నుంచి ఈ పరిమితి ఉంది, అంతకు ముందు 5,000. అసోసియేషన్ ఏడాది వసూళ్లు 20 లక్షల లోపు ఉంటే 7,500 దాటినా జీఎస్టీ లేదు. మీ 220 ఫ్లాట్లు సగటున 5,775 కట్టినా ఏడాదికి కోటిన్నర దాటుతుంది, కాబట్టి ఈ రెండో మినహాయింపు మీకు పనికిరాదు. మొదటిదే దిక్కు.

మీ బిల్లు 8,650. 7,500 దాటింది. 2019 జులైలో కేంద్రం ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం దాటితే మొత్తం 8,650 మీదా పన్ను వేయాలి, అంటే 1,557. మద్రాసు హైకోర్టు 2021 జులైలో ఇది తప్పంది. 7,500 పైన ఉన్న భాగం మీదే పన్ను అంది. ఆ లెక్కన 1,150 మీద 18 శాతం, 207 రూపాయలు. ఆ తీర్పు తెలంగాణలో తప్పనిసరిగా అమలు కావాలనేం లేదు గానీ, చూపించి వాదించడానికి పనికొస్తుంది. తప్పనిసరి కాదు కనుకే చాలా అసోసియేషన్ల ఆడిటర్లు ‘రేపు డిపార్ట్‌మెంట్ అడిగితే ఎవరు కడతారు’ అని భయపడి మొత్తం మీద వేస్తారు. అందులో దురుద్దేశం లేదు.

అయితే మీ బిల్లులో అసలు తమాషా వేరే ఉంది. కార్పస్ టాప్‌అప్ 1,000, ఇతరములు 415 తీసేసి చూడండి. 7,235. 7,500 లోపే. జీఎస్టీ సున్నా. అంటే ఎవరూ వివరం చెప్పని 1,415 రూపాయల కోసం మీ నాన్నగారు ఇంకో 1,557 పన్ను కడుతున్నారు. కార్పస్‌ని ఆ 7,500 లెక్కలో కలపాలా వద్దా అన్నదే వాదనల్లో ఉన్న విషయం. ఏ ఆధారంతో కలిపారో ఆడిటర్ చేత రాయించి ఇమ్మనండి. ఈ ఒక్క లెక్క కాగితం మీద వేసి జనరల్ బాడీలో చదివితే చాలు, 220 మందిలో 200 మంది మీ వైపు తిరుగుతారు.

బిల్లు మీద జీఎస్టీ నంబర్ ఉందా? ఉంటే 15 అక్షరాలు ఉండాలి. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, తెలంగాణకి 36, ఆంధ్రప్రదేశ్‌కి 37. ఆ తర్వాతి పది పాన్ నంబరు. మొత్తం నంబరులో ఆరో అక్షరం చూడండి. అక్కడ ఇంగ్లీషు ‘సి’ ఉంటే అది కంపెనీ పాన్. అసోసియేషన్‌కి సాధారణంగా ‘ఏ’ గానీ ‘టి’ గానీ ఉంటుంది. నాకు తెలిసిన ఒక కమ్యూనిటీలో బిల్లు మీద పేరు అసోసియేషన్‌ది, జీఎస్టీ నంబరు మాత్రం హౌస్‌కీపింగ్ చూసే ఏజెన్సీది. జీఎస్టీ పోర్టల్‌లో నంబర్ కొడితే ఎవరి పేరు మీద ఉందో, ఇంకా బతికే ఉందో లేక రద్దయిందో ఉచితంగా కనబడుతుంది. రెండు నిమిషాల పని.

ఇక్కడే ఇంకో మెలిక. 7,500 మినహాయింపు లాభాపేక్ష లేని సంఘం తన సొంత సభ్యులకి చేసే సేవకే. బిల్డరు గానీ, అతని మెయింటెనెన్స్ కంపెనీ గానీ మీకు నేరుగా బిల్లు వేస్తే ఆ మినహాయింపు రాదు. అడ్వాన్స్ మెయింటెనెన్స్ మీద అప్పట్లో బిల్డరు 18 శాతం తీసుకున్నాడని మీరు కోపంగా రాశారు. ఆ విషయంలో అతను మోసం చేశాడని నేను అనలేను.

అసోసియేషన్ జీఎస్టీ వసూలు చేస్తోందంటే, సెక్యూరిటీ ఏజెన్సీకి, లిఫ్టు కంపెనీకి తాను కట్టిన జీఎస్టీని ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి తీసుకునే హక్కు కూడా దానికుంది. ఆ క్రెడిట్ తీసుకుంటున్నారా? తీసుకుంటే ఖర్చులు ఆ మేరకి తగ్గాలిగా? ఈ ప్రశ్న అడిగినప్పుడు కమిటీ రూములో ఒక నిశ్శబ్దం వస్తుంది. నేను చాలాసార్లు విన్నాను.

ట్యాంకర్ల సంగతికొద్దాం. ఫ్లాటుకి 820 అంటే 220 ఫ్లాట్లకి 1,80,400 రూపాయలు, ఒక్క నెలకి. ఎండాకాలం మియాపూర్, నిజాంపేట, బాచుపల్లి అంతా బోర్లు ఎండిపోతాయి, ట్యాంకర్లు రావడం నిజమే. ఎన్ని వచ్చాయి, ఎన్ని లీటర్లు పోశాయి అన్నదే చూడాలి. మా దగ్గర ఒక ఏడాది బిల్లులో 63 ట్యాంకర్లని ఉంది. గేటు రిజిస్టర్‌లోనూ 63 సంతకాలు ఉన్నాయి, అన్నీ ఒకే పెన్నుతో, ఒకే చేత్తో, ఒకే రోజు కూచుని పెట్టినట్టు. అనుమానమొచ్చి పంపు రూముకి వెళ్లాను. వాచ్‌మన్ భార్యకి చదువు రాదు. కానీ ట్యాంకరు వచ్చినప్పుడల్లా సంపు మూత తీసేది ఆమే కాబట్టి గోడ మీద సుద్దముక్కతో ఒక గీత గీసేది, అయిదు గీతలకొక అడ్డగీత. కూడితే 41 వచ్చాయి. ఆ సుద్దగీతల ఫోటో తీసి మీటింగులో చూపించాను. సప్లయర్ మారు మాట్లాడకుండా 22 ట్యాంకర్ల డబ్బు తగ్గించాడు.

కొలతలోనూ చూడండి. మా సంపు నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు. పదివేల లీటర్లు పోస్తే నీటిమట్టం 83 సెంటీమీటర్లు పెరగాలి. ఒక రోజు మోటార్లు ఆపించి, వెదురు కర్రకి గుర్తులు పెట్టి దింపితే 58 సెంటీమీటర్లే పెరిగింది. అంటే ఏడువేల లీటర్లు. డ్రైవరు ‘దారిలో ఒలికింది సార్’ అన్నాడు. మూడువేల లీటర్లు ఒలికితే రోడ్డు మీద చేపలు పట్టుకోవచ్చు.

జలమండలి (నగర నీటి సరఫరా బోర్డు) నీళ్లుంటే ఇంకోటి అడగండి. జీహెచ్ఎంసీ పరిధిలో ఇంటికి నెలకి 20 వేల లీటర్ల ఉచిత నీటి పథకం 2021 జనవరిలో మొదలైంది. అపార్ట్‌మెంట్లలో బల్క్ కనెక్షన్ ఉంటే ఫ్లాటుకి ఇంత అని లెక్క. దానికి ఒక్కో ఫ్లాటు వివరాలు ఆ కనెక్షన్‌కి అనుసంధానం కావాలి. మీ కమ్యూనిటీ ఆ పరిధిలో ఉండి, అద్దెకున్నవాళ్లవీ, విదేశాల్లో ఉన్నవాళ్లవీ కలపలేదంటే ఆ మేరకి ఉచితం పోయి బిల్లు పడుతుంది. అది అందరి నెత్తినా పడుతుంది.

డీజిల్‌కి అంత కథ అక్కర్లేదు. జనరేటర్ మీద అవర్ మీటర్ ఉంటుంది. నెల మొదట్లో, చివర్లో రీడింగు ఫోటో తీయమనండి. ఎన్ని గంటలు నడిచిందో, ఎన్ని లీటర్లు కొన్నారో పక్కపక్కన రాస్తే మిగతాది అదే చెబుతుంది. సెక్యూరిటీ బిల్లుకి కూడా అంతే: ఏజెన్సీ బిల్లులో ఎంతమంది గార్డులు, హాజరు పట్టీలో ఎంతమంది. పీఎఫ్, ఈఎస్ఐ పేరుతో బిల్లులో డబ్బు తీసుకుంటుంటే ఆ చలాన్ల కాపీ కూడా అడగాలి. పాపం ఆ గార్డుల ఖాతాల్లో నిజంగా పడుతోందా అన్నది కూడా తెలుస్తుంది.

కార్పస్ టాప్‌అప్ సంగతి. చదరపు అడుగుకి 50 అంటే మీ ఒక్కరిదే 82,500. సగటున అందరివీ మీ అంత ఫ్లాట్లే అనుకుంటే 220 ఫ్లాట్లకి కోటీ 81 లక్షల 50 వేలు. బ్యాంకులో ఏడు శాతం వడ్డీ అనుకుంటే ఏడాదికి 12 లక్షల 70 వేలు, అంటే ఫ్లాటుకి నెలకి దాదాపు 480. ఆ డిపాజిట్ ఎవరి పేరు మీద ఉంది? ఇంకా బిల్డరు ఖాతాలోనే ఉంటే టాప్‌అప్ మాట ఎత్తే ముందు దాన్ని తెచ్చుకోవాలి. అసోసియేషన్ పేరు మీదే ఉంటే వడ్డీ ఎక్కడ జమ అవుతోందో ఆడిట్ నివేదికలో కనబడాలి. కార్పస్ అంటే రంగులు, లిఫ్టు మార్చడం, ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) మరమ్మతు లాంటి పెద్ద ఖర్చుల కోసం. దాన్ని పెంచాలంటే జనరల్ బాడీ తీర్మానం కావాలి. కమిటీలో అయిదుగురు టీ తాగుతూ నిర్ణయించేది కాదు.

మీరు అడగనిది, నేను అడిగేది ఒకటుంది. అమ్ముడుపోని ఫ్లాట్లు ఎన్ని? మీ ప్రశ్నలో ఎక్కడో ‘సి బ్లాకులో సగం ఖాళీ’ అని ఉంది. బిల్డరు చేతిలో ముప్పై ఫ్లాట్లు ఉండి, వాటికి అతను మెయింటెనెన్స్ కట్టడం లేదనుకోండి. నెలకి 1,73,250 లోటు. అది మిగతా 190 ఫ్లాట్ల మీద పడితే ఒక్కొక్కరికి 912. మీ బిల్లులో పేరులేని అంకెలు ఎక్కడ పుట్టాయో వెతకాలంటే నేనైతే ఇక్కడే మొదలుపెడతాను. ఖాళీ ఫ్లాటుకీ లిఫ్టు ఉంది, గేటు ఉంది, యూడీఎస్ (స్థలంలో అవిభాజ్య వాటా) ఉంది. ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే కట్టాలి.

చదరపు అడుగు లెక్క సరైనదేనా, అందరికీ సమానంగా ఉండాలా అని కూడా అడిగారు. మన రెండు రాష్ట్రాల్లోనూ 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ఉంది, కానీ రోజువారీగా బైలాస్‌లో, డిక్లరేషన్‌లో ఏం రాసుకున్నారన్నదే పట్టుకుంటారు. మహారాష్ట్రలో, మీరుంటున్న పుణెలోనే ఒక కాంప్లెక్స్ విషయంలో 2025లో బొంబాయి హైకోర్టు, పెద్ద ఫ్లాటు వాళ్లు తమ అవిభాజ్య వాటా ప్రకారం ఎక్కువ కట్టాల్సిందేనంది. అది అక్కడి అపార్ట్‌మెంట్ చట్టం మీద ఇచ్చిన తీర్పు. ఈ పాయింటు మీద మీరు శక్తి ఖర్చుపెట్టకండి.

నీళ్లు ఆపేస్తామన్న బెదిరింపు. మీ ఫ్లాటు కరెంటు మీటరు మీ నాన్నగారి పేరు మీద ఉంది. దాన్ని కట్ చేసే హక్కు కరెంటు పంపిణీ సంస్థ డిస్కమ్‌కే ఉంది. అది కూడా తన బిల్లు బాకీ ఉంటేనే, 15 రోజుల నోటీసు ఇచ్చాకే. 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్. అసోసియేషన్ ఎలక్ట్రీషియన్ ఆ ఫ్యూజు ముట్టుకోకూడదు. నీళ్లు ఆపడం కూడా కోర్టు ముందు నిలబడే పని కాదు. క్లబ్‌హౌస్, జిమ్ము, స్విమ్మింగ్ పూల్ ఆపేయడానికి బైలాస్‌లో వీలుంటే ఆపుకోవచ్చు, పర్వాలేదు. జనరేటర్ బ్యాకప్ రెండిటికీ మధ్యలో ఉంది. పెద్దాయన ఉన్న ఇంటికి, లిఫ్టు లేకుండా దిగలేని మనిషికి, దాన్ని ఆపుతామనడం నాకు నచ్చదు. ఆ వాట్సాప్ మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి తేదీతో దాచండి.

అయితే మీరు చెప్పినట్టు మొత్తం ఆపేయకూడదు. మెయింటెనెన్స్ కట్టడం కొన్నవాళ్ల బాధ్యత అని రెరా 19(6)లోనే ఉంది. పూర్తిగా ఆపితే రేపు ఎక్కడికెళ్లినా ముందు అడిగేది ‘మీరు కట్టారా’ అనే. ఒప్పుకున్న భాగం కట్టి, ఒప్పుకోనిది రాసి ఆపండి. మీ విషయంలో 5,775, డీజిల్ 640, ట్యాంకర్లు 820, మొత్తం 7,235 కట్టమంటాను. డీజిల్, ట్యాంకర్ల లెక్క తేలాక తేడా ఉంటే సర్దుకోవచ్చు.

కట్టేటప్పుడు ఒక జాగ్రత్త. దీన్ని చాలామంది పట్టించుకోరు, తర్వాత ఏడుస్తారు. ఏ నెల బిల్లు కోసం కడుతున్నారో రాయకుండా డబ్బు పంపితే, దాన్ని పాత బాకీకి జమ చేసుకునే హక్కు తీసుకున్నవాడికి ఉంది. 1872 కాంట్రాక్టు చట్టంలో 59, 60 సెక్షన్లు ఈ సంగతే చెబుతాయి. అంటే మీరు 7,235 పంపితే వాళ్లు 14,300లో సగం తీరిందని రాసుకుని, ఏప్రిల్ బిల్లు కట్టలేదని దానిమీద మళ్లీ లేట్ ఫీ వేస్తారు. మీరు వివాదంలో పెట్టిన బాకీని మీరే ఒప్పుకున్నట్టూ అవుతుంది. అందుకని బ్యాంకు బదిలీలో రిమార్కు దగ్గర ‘ఏప్రిల్ నెల మెయింటెనెన్స్ మాత్రమే’ అని రాయండి, అదే రోజు ఈమెయిల్ పంపండి. యాప్‌లో కట్టొద్దు, చాలా యాపులు పాత బాకీకే ముందు సర్దేస్తాయి. నాన్నగారి చేత ‘పాతది తర్వాత సర్దుతాను’ లాంటి మాట వాట్సాప్‌లో కూడా రాయించకండి. అలాంటి రాతపూర్వక ఒప్పుకోలుతో మూడేళ్ల కాలపరిమితి మళ్లీ మొదటి నుంచి లెక్కలోకి వస్తుంది.

ఉత్తరం ఇలా ఉంటే చాలు, లాయరు భాష అక్కర్లేదు:

“కార్యదర్శి గారికి, ఏప్రిల్ బిల్లులో మెయింటెనెన్స్, డీజిల్, ట్యాంకర్ల కింద 7,235 రూపాయలు ఈ రోజు కట్టాను. ఈ మొత్తం ఏప్రిల్ నెలకే జమ చేయగలరు. పాత బాకీ 14,300, లేట్ ఫీ 1,430, కార్పస్ టాప్‌అప్ 1,000, ఇతరములు 415, జీఎస్టీ 1,557 మీద నాకు అభ్యంతరం ఉంది. నా ఫ్లాటు లెడ్జర్ మొదటి రోజు నుంచి, ఈ వసూళ్లకి ఆధారమైన జనరల్ బాడీ తీర్మానాల కాపీలు, బైలాస్ కాపీ, కిందటి ఏడాది ఆడిట్ నివేదిక, ఏప్రిల్ ట్యాంకర్, డీజిల్ బిల్లులు 15 రోజుల్లో ఇప్పించగలరు. ఆధారం చూపిన ఏ మొత్తమైనా చూపిన వారంలో కడతాను.”

ఆ చివరి వాక్యం వదిలేయకండి. కాపీ ఒకటి ఆఫీసులో ఇచ్చి మీ కాపీ మీద తేదీ, సంతకం తీసుకోండి. ఇవ్వనంటే స్పీడ్ పోస్టులో పంపండి.

నా అనుభవంలో పదింట ఏడు ఇక్కడే తేలిపోతాయి. తేలకపోతే మీ అసోసియేషన్ ఏ చట్టం కింద రిజిస్టరైందో చూడాలి. 2001 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద అయితే 23వ సెక్షన్ ప్రకారం సభ్యుడు ఆర్బిట్రేషన్‌కి (మధ్యవర్తి తీర్పుకి) గానీ జిల్లా కోర్టుకి గానీ వెళ్లొచ్చు. 1995 పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద అయితే దారి కోఆపరేటివ్ ట్రిబ్యునల్‌కి. రెండూ నెమ్మదిగా నడిచేవే. దానికి ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ (కేసు వేయకముందు పెట్టే) అర్జీ పెట్టి రెండు పక్షాలనీ పిలిపించుకోవచ్చు, ఖర్చు లేదు. అసోసియేషన్‌కి నేరుగా ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) అర్జీ పెట్టమని ఎవరో మీకు సలహా ఇచ్చారు. పనికిరాదు. సహకార సంఘాలు ఆ చట్టం కింద ప్రభుత్వ సంస్థలు కావని సుప్రీంకోర్టు 2013లోనే చెప్పింది. రిజిస్ట్రార్ ఆఫీసుకి మాత్రం పెట్టండి, అసోసియేషన్ అక్కడ దాఖలు చేసిన కాగితాలు వస్తాయి.

అడ్వాన్సు, కార్పస్ బిల్డరు దగ్గరే ఉండిపోయాయని తేలితే అది తెలంగాణ రెరా పని. అసోసియేషన్‌కి అప్పగించేదాకా సహేతుకమైన చార్జీలతో మెయింటెనెన్స్ చూడాల్సింది బిల్డరే, 11(4)(డి). ఓసీ వచ్చిన 30 రోజుల్లో ప్లాన్లు, కాగితాలు అసోసియేషన్‌కి ఇవ్వాల్సిందీ అతనే. ఒక్కరు వెళ్లడం కన్నా అసోసియేషన్ పేరుతో వెళ్తే బరువుంటుంది, అందుకే కమిటీతో మాటలు తెంచుకోవద్దంటున్నాను.

అద్దెకిచ్చినవాళ్లకీ, అమెరికాలో ఉండి ఇక్కడ ఫ్లాటు కొన్నవాళ్లకీ ఒక మాట. అద్దెదారు కట్టాలని మీరిద్దరూ రాసుకున్నా, అసోసియేషన్‌కి జవాబుదారీ ఓనరే. బ్రోకరు చేతికి మెయింటెనెన్స్ డబ్బు ఇవ్వొద్దు. ‘బకాయి ఉంది, ఈ క్యూఆర్ కోడ్‌కి వెంటనే పంపండి’ అని కొత్త నంబరు నుంచి మెసేజ్ వస్తే, స్కాన్ చేయగానే తెర మీద వచ్చే పేరు అసోసియేషన్‌దా, ఎవరో వ్యక్తిదా చూసుకోండి.

బాబూ, మీరు నాన్నగారిని ముందు ఆ అగ్రిమెంటు, తాళాలు తీసుకున్నప్పటి కాగితం వెతికి పెట్టమనండి. బీరువాలో పాస్‌బుక్కుల కింద ఉంటుంది, మా ఇంట్లోనూ అక్కడే ఉంది. లెడ్జర్ చేతికొచ్చాక పేర్లు, ఫ్లాటు నంబరు కొట్టేసి నాకు చూపించండి. ఆ 14,300 ఏ తేదీన, ఏ పద్దు కింద పుట్టిందో చూద్దాం.